పాతదనానికి సాక్ష్యాలు: ఎర్ర ద్రాక్షమద్యాన్ని పరీక్షించిన చరిత్ర

'కొత్తొక వింత, పాతొక రోత' అని మన సామెత. అయితే ఆ సామెత చెప్పే ఇంట్లోనే బియ్యం దగ్గరకు వచ్చేసరికి లెక్క తారుమారవుతుంది. కొత్త బియ్యం ముద్దవుతుంది, పాత బియ్యం పలుకు విడిగా ఉడుకుతుంది. కనుక పాతదానికే ధర ఎక్కువ. పాత బియ్యమని వర్తకుడు చెప్పినంత మాత్రాన కొనేవారు నమ్మరు. గింజ రంగు చూస్తారు, గుప్పెట పట్టి వాసన చూస్తారు, రెండు గింజలు పంటికింద వేసి కొరికి చూస్తారు. పాతదనానికి విలువ కట్టే చోటల్లా పాతదనాన్ని నటించే సరుకు కూడా పుడుతుంది. దాని వెంటనే పరీక్ష పుడుతుంది.

ఐరోపాలో ఈ పరీక్ష అత్యంత సూక్ష్మంగా పెరిగిన సరుకు ఎర్ర ద్రాక్షమద్యం. దానిని అక్కడివారు ఎట్లా రుచి చూశారు, ఎట్లా విలువ కట్టారు, ఎక్కడ మోసపోయారు అన్నది ఈ వ్యాసవిషయం. మేము మద్యం రుచి చూసి రాస్తున్నవారం కాము, పత్రాలు చదివేవారం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా మీద సాగించిన పోరాటం తెలిసినవారమే కనుక తాగుడును పొగడటం కూడా మా ఉద్దేశం కాదు. ఒక వస్తువు వయస్సును, పుట్టుకను నిర్ణయించడంలో మనిషి ఇంద్రియాలకు ఎంత చోటు ఉంది, రాతకు ఎంత చోటు ఉంది అన్న ప్రశ్న మద్యానికీ శాసనానికీ ఒకటే. ఆ ప్రశ్న కోసమే ఈ పరిశీలన.

మాటలను గురించి

ముందుగా పేరు. తెలుగు బైబిలు 'ద్రాక్షారసము' అన్నది. వైద్యులు ద్రాక్షాసవమనీ ద్రాక్షారిష్టమనీ అనేవి ఔషధాలు. యానానికి దగ్గరలోని ద్రాక్షారామానికి పండుతో సంబంధం లేదు, స్థలపురాణం దానిని దక్షుని పేరుతో ముడిపెడుతుంది. కనుక చిక్కు లేకుండా ఇక్కడ 'వైను' అనే వాడుకమాటనే తీసుకొన్నాము.

రెండవది రుచి పేరు. ఎర్ర వైను పరీక్షలో కేంద్రస్థానం తీపిదీ కాదు, పులుపుదీ కాదు, వగరుది. ద్రాక్షతొక్కలో, గింజలో, కొంతవరకు ఓకుచెక్క పీపాలో ఉండే టానిన్లు లాలాజలంలోని ప్రోటీనులను పట్టుకొంటాయి. అప్పుడు చిగుళ్ళూ నాలుకా ఆరిపోయి గరుకెక్కినట్లు తోస్తుంది. జామపిందె కొరికినప్పుడు, వక్క నమిలినప్పుడు కలిగేది ఇదే. షడ్రుచులలో కషాయానికి చోటిచ్చిన సంప్రదాయం మనది. తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన చోట్ల కూడా దీనికి వాడుకలో పేరుంది. కన్నడంలో ఒగరు, తమిళంలో తువర్ప్పు, మరాఠీలో తురట్, ఒడియాలో కషా. ఎర్ర వైను వయస్సును గురించి చెప్పే కథ అంతా ఒక్క వాక్యంలో మన భాషలో చెప్పవచ్చును: మంచి వైనులో వగరు ఏళ్ళ తరబడి మెత్తబడుతుంది.

రోమునాటి పాత వైను

పాత వైనుకు గౌరవం రోమునాటిది. క్రీ.పూ. 121లో లూసియస్ ఒపిమియస్ కాన్సులుగా ఉన్న ఏడు పంట అసాధారణంగా పండిందని ప్రసిద్ధి. ఆ ఏటి వైనును అతని పేరుతోనే పిలిచారు. రోమనులు సంవత్సరాన్ని కాన్సుల పేరుతో గుర్తించేవారు. వైను నింపిన రెండు పిడుల మట్టిజాడీల మీద కూడా ఆ పేర్లు రాసేవారు. మన శాసనాలలో రాజ్యసంవత్సరం వంటిదే ఇది. దాదాపు 200 సంవత్సరాల తరువాత ప్లినీ ఆ వైనును ప్రస్తావిస్తూ, అది చేదెక్కిన తేనెలాగా చిక్కబడిందనీ, విడిగా తాగడానికి పనికిరాక ఇతర వైనులకు చిటికెడు రుచి చేర్చడానికి మిగిలిందనీ రాశాడు. పాతదంతా మంచిది కాదన్న తీర్పు అప్పుడే వెలువడినదన్న మాట.

దొంగపాతను ఎగతాళి చేయడం కూడా అప్పుడే మొదలైంది. పెట్రోనియస్ రచనలో త్రిమాల్కియో అనే కొత్త ధనవంతుడు విందులో గాజుజాడీలు తెప్పిస్తాడు. వాటి మెడలకు కట్టిన చీటీలమీద ఒపిమియస్ నాటి వైను అనీ, నూరేళ్ళదనీ ఉంటుంది. నీరో కాలానికి ఒపిమియస్ వైను నూరేళ్ళది కాదు, సుమారు 180 ఏళ్ళది. పైగా గాజును ఊది పాత్రలు చేయడం ఆ కాన్సులు కాలానికి ఇంకా రాలేదు. చీటీలోని లెక్కా తప్పే, పాత్రా తప్పే. అతిథులకు పట్టలేదు, పాఠకునికి మాత్రం అందుతుంది.

ఆ మట్టిజాడీలు మన తీరానికీ వచ్చాయి. అప్పటికి ఫ్రెంచి పాలనలో ఉన్న పుదుచ్చేరి సమీపాన అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ తవ్వకాలు జరిపినప్పుడు వాటి పెంకులు దొరికాయి. యవనులు తెచ్చిన పరిమళించే మధువును పురనానూరు 56వ పాట పేర్కొంటున్నది. దిగుమతి అయిన వైను రుచిని దక్షిణాది కవి గుర్తించిన తొలి తావులలో ఇది ఒకటి.

బోర్డో: సీసా, బిరడా, సముద్రం

రోము పతనం తరువాత చాలాకాలం పాత వైనుకు విలువ పోయింది. ఆ వైపరీత్యాన్ని ఫ్రాన్సు నైరుతిలోని బోర్డో రేవులో చూడవచ్చును. 1152లో అక్విటేన్ రాణి ఎలియనోర్ పెండ్లాడిన హెన్రీ 1154లో ఇంగ్లండు రాజైనాడు. అప్పటినుండి 1453 వరకు, మూడు వందల ఏళ్ళు, బోర్డో ఇంగ్లండు రాజుల చేతిలో ఉండి అక్కడికి వైను పంపింది. అయితే అదంతా పీపాలలో వెళ్ళేది. పీపాలోకి గాలి చొరబడుతుంది. ఏడాది తిరిగేసరికి వైను పులిసిపోయేది. కనుక కొత్త పంట ఓడ రేవుకు చేరగానే పాతదాని ధర పడిపోయేది. అక్కడ సామెత అక్షరాలా నిజం, పాతది రోతే.

మార్పు గాజుతో వచ్చింది. 17వ శతాబ్దిలో ఇంగ్లండువారు బొగ్గు కొలిమిలో దిట్టమైన సీసాలు చేయడం నేర్చుకొన్నారు. కార్కుచెట్టు బెరడుతో చేసిన బిరడా గాలిని దాదాపు ఆపింది. 18వ శతాబ్దిలో సీసా పొట్ట తగ్గి, పొడవు పెరిగి, అడ్డంగా పడుకోబెట్టడానికి వీలైంది. పడుకోబెడితే బిరడా తడిగా ఉండి బిగువు వదలదు. వైను సీసాలో ముసలిదయ్యే అవకాశం అప్పుడు కలిగింది.

అదే కాలంలో ఫలానా తోట వైను అని విడిగా గుర్తించడమూ మొదలైంది. 1663 ఏప్రిల్ 10న లండనులోని ఒక సత్రంలో శామ్యూల్ పెపీస్ ఒక ఫ్రెంచి వైను తాగి, దాని రుచి మంచిదనీ, తాను ఎరిగినవాటిలో దేనికీ చెందనిదనీ దినచర్యలో రాసుకొన్నాడు. ఆ వైను బోర్డో దగ్గరి ఓబ్రియాన్ తోటది. పేరు అతడు చెవికి వినబడినట్లు రాశాడు. 1677లో తత్త్వవేత్త జాన్ లాక్ ఆ తోటకే వెళ్ళి, తెల్లని ఇసుక, గులకరాళ్ళు కలిసిన ఆ నేలలో ఏమీ పండదనుకొంటామని ఆశ్చర్యపడ్డాడు. ఒకడు నాలుకతో గుర్తించినదాన్ని మరొకడు నేలలో వెదికాడు. వైను పరీక్షకు ఈ రెండు దారులూ ఇప్పటికీ ఉన్నాయి.

ఇక్కడ మన దేశపు ప్రసక్తి మరొకసారి వస్తుంది. బోర్డో ఓడలు ఫ్రెంచి స్థావరాలకు వచ్చిపోయేవి. పుదుచ్చేరి నుండి 'గినీ' అనే నీలిబట్ట బోర్డో మీదుగా ఆఫ్రికాలోని సెనెగల్‌కు వెళ్ళింది. 1723లో ఫ్రెంచివారు అడుగుపెట్టి 1954 వరకు ఉన్న యానాం కూడా ఆ స్థావరాల వరుసలోనిదే. బోర్డోకు ఉత్తరాన సాన్-తెస్తెఫ్ గ్రామంలో లూయీ గాస్పార్ దెస్తూర్నెల్ (1762–1853) అనే తోట యజమాని తన వైనును ఇండియాకు పంపేవాడు. సూయజ్ కాలువ తెరిచింది 1869లో. అంతకు ముందు ఆఫ్రికా దక్షిణపు కొన చుట్టి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, నెలల తరబడి ప్రయాణం. అమ్ముడుపోక తిరిగివచ్చిన పీపాలు వేడికీ కుదుపుకూ చెడలేదు సరికదా, మరింత మెత్తబడ్డాయని ఆయన గమనించాడని ఆ తోట సంప్రదాయం చెబుతున్నది. 'ఇండియా నుండి తిరిగివచ్చినది' అన్న గుర్తుతో దానిని ఎక్కువ ధరకు అమ్మాడు. తన వైనుకొట్టు మీద పగోడాల వంటి శిఖరాలు కట్టించాడు, అవి ఇప్పటికీ ఉన్నాయి. చివరకు అప్పులపాలై 1852లో తోట అమ్ముకొని మరుసటి ఏడు చనిపోయాడు. మన సముద్రం ఒక వైను పాతబడటానికి పనిముట్టుగా ఉపయోగపడటం చరిత్రలో చిత్రమైన సంగతి. అక్కడి కొనుగోలుదారుకు 'ఇండియా' అన్న మాట చీటీలో కనబడిందే గాని, రుచిలో ఎంతవరకు కనబడిందో వేరే ప్రశ్న.

పరీక్ష జరిగే తీరు

పాత ఎర్ర వైనును ఎట్లా పరీక్షిస్తారో ఇప్పుడు చూద్దాం. మొదట సీసా. మెడలో వైను ఎంతవరకు నిలిచి ఉన్నదో చూస్తారు. భుజం కిందికి దిగిపోతే బిరడా గాలిని పోనిచ్చిందని అనుమానిస్తారు. ఆపైన చీటీ, బిరడామీది ముద్ర, సీసా ఇంతకాలం ఎవరి దగ్గర, ఎటువంటి చోట ఉన్నది. చీకటిలో, సుమారు 12, 13 సెంటిగ్రేడు డిగ్రీల చల్లదనంలో, కదలకుండా ఉన్నదే మేలు.

తరువాత తేర్చడం. ఏళ్ళ తరబడి రంగుపదార్థాలూ టానిన్లూ ఒకదానితో ఒకటి కలిసి, కొంత భాగం మడ్డిగా దిగుతుంది. సీసాను ఒకటి రెండు రోజులు నిలబెట్టి, మెడ వెనుక దీపం పెట్టుకొని, మడ్డి కదలకుండా తేటను మరొక పాత్రలోకి వంచుతారు. అయితే బాగా ముసలిదైన వైను గాలి తగిలితే త్వరగా వాడిపోతుంది. కనుక ఎంతసేపు ముందు తేర్చాలన్నది అనుభవం మీద ఆధారపడుతుంది.

పిమ్మట కన్ను. గ్లాసును తెల్లని గుడ్డ మీదికి వంచి అంచు చూస్తారు. పడుచు వైను నేరేడుపండు రంగులో ఉంటుంది. వయస్సు పెరిగినకొద్దీ అంచు ఇటుకరంగుకు, ఆపైన గోధుమవన్నెకు తిరుగుతుంది. ఆ తరువాత ముక్కు. మొదట కదపకుండా, తరువాత గ్లాసును గుండ్రంగా తిప్పి. పండ్ల వాసన వెనక్కు తగ్గి, తోలు, పొగాకు, దేవదారు చెక్క, తడిసిన ఆకులు, పుట్టగొడుగులు గుర్తుకు రావడం మంచి వార్ధక్యానికి లక్షణం. తడిసిన అట్టపెట్టె వంటి బూజు వాసన వస్తే దోషం బిరడాది. చివరకు నోరు. ఒక గుక్క నాలుక అంతటా పరచి, పులుపూ వగరూ ఎట్లా పొత్తు కుదిరాయో చూస్తారు. మింగిన తరువాత లేదా ఉమ్మిన తరువాత రుచి ఎంతసేపు నిలుస్తుందో గమనిస్తారు. వగరు పూర్తిగా పోయి, పండు కూడా పోతే వైను చచ్చినట్లే. వగరు మెత్తబడి, పండు ఇంకా మిగిలితే అది పరిపాకదశ. 1977లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఈ పరీక్షకు గ్లాసు ఆకారాన్ని కూడా నిర్ణయించింది. 1980 దశకంలో కాలిఫోర్నియాకు చెందిన ఆన్ నోబుల్ వాసనల పేర్లను ఒక చక్రంగా అమర్చి, పరీక్షకులు ఒకే మాటను ఒకే అర్థంలో వాడటానికి దారి చూపింది.

చీటీ సాక్ష్యం, నాలుక సాక్ష్యం

విలువ కట్టడంలో చీటీకీ నాలుకకూ మధ్య పేచీ పాతది. 1855 పారిసు ప్రదర్శన కోసం బోర్డో దళారులు ఏప్రిల్ 18న ఎర్ర వైను తోటలను ఐదు తరగతులుగా పేర్చి జాబితా ఇచ్చారు. లఫీత్, లతూర్, మార్గో, ఓబ్రియాన్ మొదటి తరగతి. దెస్తూర్నెల్ తోట రెండవ తరగతి. ఈ జాబితాకు ఆధారం ఆనాటి రుచిపరీక్ష కాదు, ఎన్నో ఏళ్ళుగా మార్కెట్టులో పలికిన ధరలు. 1973లో మూతాన్ మొదటి తరగతికి ఎక్కడం తప్ప ఆ పైమెట్టు మారలేదు. అనేక నాలుకలు ఏళ్ళ తరబడి ఇచ్చిన తీర్పు ధరగా గడ్డకట్టిందని జాబితాను సమర్థించవచ్చును. ఆ ధరే తరువాతి నాలుకలను నడిపించిందని విమర్శించనూవచ్చును.

1976 మే 24న పారిసులో స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లీషు వర్తకుడు ఈ చిక్కును తెగ్గొట్టే పద్ధతిని అందరికీ చూపాడు. చీటీలు కనబడకుండా ఫ్రెంచి వైనులనూ కాలిఫోర్నియా వైనులనూ కలిపి ఫ్రెంచి పరీక్షకుల ముందు పెట్టాడు. ఎర్ర వైనులలో మొదటి స్థానం కాలిఫోర్నియాకు చెందిన స్టాగ్స్ లీప్ 1973కు వచ్చింది. మూతాన్ 1970 రెండవది. పడుచు వయస్సులో గెలిచినా, ఫ్రెంచి వైనులే పాతబడితే మేలు తేలుతాయని చాలామంది అన్నారు. ఆ మాటను కాలమే పరీక్షించింది. 2006 మే 24న, సరిగ్గా ముప్పై ఏళ్ళకు, అవే ఎర్ర వైనులను లండనులోనూ నాపాలోనూ మళ్ళీ చీటీ చూడకుండా రుచి చూశారు. రిడ్జ్ మాంటెబెల్లో 1971 మొదట నిలిచింది. మొదటి ఐదు స్థానాలూ కాలిఫోర్నియావే.

అట్లా అని నాలుకనే నమ్ముకోవడానికీ వీలులేదు. బోర్డోలోనే 54 మంది విద్యార్థులపై జరిపి 2001లో ప్రకటించిన ప్రయోగంలో, వాసన లేని రంగు కలిపి ఎర్రగా చేసిన తెల్ల వైనుకు వారు ఎర్ర వైను వాసనల పేర్లనే పెట్టారు. కన్ను చెప్పినదానికి ముక్కు తలవూపింది. కనుక చీటీని దాచినంత మాత్రాన చాలదు, రంగు కూడా ఒక చీటీయే.

కూట సీసాలు

శాసనపరిశోధకులకు కూటశాసనాల సంగతి తెలియనిది కాదు. 19వ శతాబ్దిలో కర్ణాటక ప్రాంతపు పశ్చిమ గాంగుల పేర వెలువడిన అనేక తామ్రశాసనాలను ఫ్లీట్ కూటమని తోసిపుచ్చాడు. లిపి చెప్పిన శతాబ్దికి సరిపోతుందా, తిథివారాలు కలుస్తాయా, వంశక్రమం పొసగుతుందా అని అడగడం ఆ పద్ధతి. వైను లోకం ఇదే పద్ధతికి ఆలస్యంగా వచ్చింది.

1985 డిసెంబరు 5న లండనులో 1787 నాటిదని చెప్పిన ఒక లఫీత్ సీసా 1,05,000 పౌండ్లకు వేలంలో పోయింది. సీసాపై చెక్కిన పొడి అక్షరాలను బట్టి అది అమెరికా అధ్యక్షుడు థామస్ జెఫర్సన్‌దని ప్రచారం. జెఫర్సన్ 1787 మేలో బోర్డోకు వెళ్ళి, తోటలను గురించి రాసుకొన్న మాట నిజమే. అయితే ఆయన ఇంటి పత్రాలను కాపాడే మాంటిచెల్లోలోని పరిశోధకులకు ఆ సీసాల జాడ లెక్కపుస్తకాలలో దొరకలేదు. వైను రాకపోకలన్నీ రాసిపెట్టుకొన్న మనిషి ఆయన. ఆ కోవకు చెందిన ఇతర సీసాలను తెరిచి రుచి చూసినవారిలో పేరున్న పరీక్షకులు మెచ్చుకొన్నవారూ ఉన్నారు. తరువాత అటువంటివే నాలుగు కొన్న బిల్ కోక్ 2005 నుండి విచారణ జరిపించాడు. వైనులో సీసియం-137 కనబడలేదు. అంటే అది అణుపరీక్షలకు ముందరిదని మాత్రమే తేలింది, శతాబ్ది తేలలేదు. నిర్ణయాత్మకమైన మాట చెక్కుడు పనివారు చెప్పారు. ఆ అక్షరాలు యంత్రపు పనిముట్టుతో చెక్కినవని వారి అభిప్రాయం. నాలుక మెచ్చినదాన్ని, అణుశాస్త్రం తేల్చనిదాన్ని, అక్షరపు గీత పట్టిచ్చింది.

2008లో న్యూయార్కు వేలానికి బుర్గుండీకి చెందిన పొన్సో కుటుంబపు క్లో సాన్-దెనీ వైను 1945 నుండి 1971 వరకు వేర్వేరు ఏళ్ళ సీసాలుగా వచ్చింది. తమ కుటుంబం ఆ పొలపు వైను చేయడం మొదలుపెట్టింది 1982లో అని లోరాన్ పొన్సో స్వయంగా వచ్చి ఆపించాడు. రాజు పట్టానికి రాకముందే అతని రాజ్యసంవత్సరం వేసిన శాసనం వంటిది ఇది. సీసాలను వేలానికి పెట్టిన రూడీ కుర్నియావాన్ నేరం 2013లో రుజువై, 2014లో పదేళ్ళ శిక్ష పడింది. అతడు కల్పించిన వైనులను రుచి చూసి కొన్నవారు నిపుణులు కానివారేమీ కారు.

ముగింపు

ఈ చరిత్రలో మాకు కనబడే పాఠం ఇది. చీటీ ఒక సాక్షి, నాలుక ఒక సాక్షి. రెంటినీ ఒకేసారి పిలిస్తే ఒకటి మరొకదాని మాటనే తిరిగి చెబుతుంది. విడివిడిగా విచారించి, ఆ తరువాతనే ఎదురెదురుగా నిలబెట్టాలి. చీటీ చూడకుండా రుచి చూడటం, రుచి చూడకుండా చీటీని పరిశీలించడం, రెండూ కావాలి.

ఆంధ్రదేశం వెలుపల తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలను గురించి పనిచేసే మాబోటివారికి ఇది దూరపు పాఠం కాదు. మా పూర్వులు ఫలానా రాజు వెంట వచ్చారని హోసూరులో ఒక పెద్దాయన చెబుతారు, బరంపురంలో మరొక పెద్దమ్మ చెబుతుంది. అది నాలుకమీది సాక్ష్యం. ఇంటి పేటికలో ఒక దానపత్రం ఉంటుంది. అది చీటీ. పత్రం చదివి వినిపించాక పెద్దల జ్ఞాపకం దానికి తగినట్లు సర్దుకోవడం మేము గమనించిన విషయమే. ఎర్రరంగు చూసి ముక్కు ఎర్ర వైనును పోల్చుకొన్నట్లే ఇదీను. కనుక పెద్దల మాటను ముందుగా, పత్రం ఊసెత్తకుండా, వారి మాటలలోనే రాసుకోవాలి. పత్రాన్ని వేరొక చోట, వేరొక చేత చదివించాలి. పొసగని చోట తొందరపడి ఎవరినీ అబద్ధమాడారనకూడదు. ఒపిమియస్ వైను నిజంగా ఉన్నదే, త్రిమాల్కియో చీటీ మాత్రమే తప్పు.

ఈ పని ఆలస్యమైతే మిగిలేవి చీటీలే. సీసాలోని వైను లాగా జ్ఞాపకానికి కూడా ఒక పరిపాకదశ ఉంది. వగరు మెత్తబడి పండు ఇంకా మిగిలి ఉన్న ఆ వయస్సులోని పెద్దలు మన ఊళ్ళలో ఇప్పుడున్నారు. వారి మాటను ఇప్పుడే రాసి పెట్టుకోవడం మంచిది.